కనుమ మీది నల్లరాయి

మబ్బులకంటె ఎత్తున, డేగ కూడా రెండుసార్లు ఆగి ఎక్కేచోట, అనగనగా శిలాగిరి అని ఒక రాజ్యం. దానికి శీతభానుడు రాజు. ఆ రాజ్యపు వింతలు చెబితే మీరు నమ్మరు. అక్కడ ప్రతి ఇంటి గుమ్మమూ నడుమెత్తే. రాజుగారైనా వంగి లోపలికి పోవలసిందే. మంచు కరిగే మాసంలో అక్కడ ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. అరిస్తే శిఖరం మీది మంచు విరిగి మీద పడుతుంది. ఆ నెలలో కోడిపుంజులను సైతం కింది లోయకు పంపివేస్తారు.

మూడో వింత అన్నిటికంటె పెద్దది. రాజ్యం దాటి పోయేవాడు కనుమ దగ్గర ఒక రాయి పెట్టి పోవాలి. తిరిగి వచ్చినప్పుడు తన రాయి తాను తీసుకోవాలి. ఒకరి రాయిని మరొకరు ముట్టరాదు. పోయినవాడు ఇక రాడని తేలితే ఆ రాయి తీసే హక్కు కన్నతల్లి ఒక్కతెకే ఉంది. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకుంటుంది.

శీతభానునికి ముగ్గురు కొడుకులు: వీరకేతు, జయకేతు, ఉదయకేతు. ఏడు లోయల అవతల ఘోరదంష్ట్రుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు శిలాగిరికి ఉన్న ఒక్క నదినీ పుట్టినచోటనే గడ్డకట్టించాడు. పొలాలు ఎండిపోయాయి. వాడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉన్నదని లోకమంతా చెప్పుకొనేది.

వీరకేతు రాయి పెట్టి వెళ్ళాడు, రాలేదు. జయకేతు రాయి పెట్టి వెళ్ళాడు, రాలేదు. చిలుకను పట్టబోయి ఇద్దరూ మంచుబొమ్మలయ్యారనీ, మంచు కరిగే మాసం ముగిసేసరికి కరిగిపోతారనీ వార్త వచ్చింది. అప్పటికి ఆ మాసంలో పది రోజులే మిగిలాయి.

ఉదయకేతు ప్రయాణమైతే రాణి అతని చేతిలో రాయి పెట్టింది. "నాయనా, ఇది నాచేత తీయించకు" అన్నది.

కనుమను రాళ్ళవ్వ అనే ముసలిది కాపలా కాసేది. ఆమె కొంగుతో ఒక నల్లరాయిని తుడుస్తూ, "మా సోమన్నది బాబూ. ముప్పై ఏళ్ళయింది. మంచు పడితే రాయి పగులుతుంది కదా, అందుకని తుడుస్తుంటాను. రేపో మాపో వస్తాడు" అన్నది. ఉదయకేతు తన రాయిని అన్నల రాళ్ళ పక్కన పెట్టి సాగిపోయాడు.

మొదటి లోయలో ఒక కొండమేక కాలు రాతిసందులో ఇరుక్కొని ఉంది. అతడు విడిపించాడు.

"ఎక్కు రాకుమారా. నీ నడకకు ఏడు లోయలంటే ఏడు నెలలు" అన్నది మేక.

"కుంటుతున్న నీ మీద ఎక్కనా?"

"కుంటినైనా నీకంటె నయమే!"

నాలుగో నాటికి వాళ్ళు మాంత్రికుని గుహ చేరారు. ద్వారానికి అటొకరు ఇటొకరుగా అన్నలిద్దరూ మంచుబొమ్మలై నిలిచి ఉన్నారు. వాళ్ళ వేళ్ళకొసల నుంచి అప్పుడే నీటిచుక్కలు రాలుతున్నాయి. ఉదయకేతు మేక మీదినుంచి దిగాడు. లోపలికి దూకి పంజరం తెరిచి చిలుక మెడ మీదికి చేయి చాచాడు.

"అయ్యో, నా ప్రాణం!" అని మాంత్రికుడు రోదించాడు.

"మెడ ముట్టుకోకు! ముట్టుకున్నవాడే మంచవుతాడు. ముందు వాడి చేయి చూడు" అన్నది చిలుక సన్నగా.

ఉదయకేతు చూశాడు. మాంత్రికుని నోరు ఏడుస్తున్నది. చేయి మాత్రం పొయ్యి మీది పాలు నిదానంగా కలుపుతున్నది. ప్రాణం పోయేవాడి చేయి అది కాదు.

అతడు పంజరంతోసహా మేక మీదికి ఉరికాడు. దారిలో చిలుక చెప్పింది: "నేను చిత్రావళి అనే రాకుమారిని. నన్ను ఎరగా పెట్టాడు. ఏటా నన్ను భుజాన ఎక్కించుకొని మీ కనుమకు వస్తాడు. కుప్పలో ఒక నల్లరాయి ఉన్నదో లేదో దూరంనుంచే చూసి, ‘అది ఉన్నంతకాలం నాకు చావులేదు’ అని నవ్వుకుంటాడు."

ఉదయకేతుకు కొంగుతో తుడిచే ఆ ముసలి చేతులు గుర్తొచ్చాయి.

రెండు లోయలు దాటేసరికి గాలి వెంటపడింది. నాలుగు లోయలు దాటేసరికి వడగళ్ళు వెంటపడ్డాయి. ఆరు లోయలు దాటేసరికి వాడే వెంటపడ్డాడు. మాసంలో చివరి రోజున మేక కనుమ మీద కూలబడింది.

"అవ్వా, ఆ నల్లరాయి తీయాలి" అన్నాడు ఉదయకేతు గుసగుసగా.

"నీ నోట మన్నుపడ! నా సోమన్న బతికే ఉన్నాడు."

"ఉన్నాడవ్వా. అదే చెబుతున్నాను."

అంతలో ఘోరదంష్ట్రుడు ఎదుట దిగాడు. మంత్రం చదవడానికి నోరు తెరిచాడు. పైన మంచు కిర్రుమన్నది. వెంటనే వాడి అరచేయి వాడి నోటినే మూసింది. అలా నోరు మూసుకోవడం శిలాగిరి పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చే అలవాటు.

రాళ్ళవ్వ లేచి నిలబడింది. "సోమన్నా! నువ్వట్రా?"

"అమ్మా, ఆ రాయి జోలికి పోకు" అన్నాడు వాడు గొంతు తగ్గించి.

"నేనెందుకు పోతాను? వచ్చావుగా, నువ్వే తీసుకో. ఇంటికి పోదాం. అంబలి కాచి ఉంచాను."

"తీస్తే అందరిలాగే చస్తాను."

"అందరిలాగే బతుకుతావు కూడా, నాయనా."

వాడు రాయివంక చూశాడు. తల్లివంక చూడలేదు. "తీయను" అన్నాడు.

ఉదయకేతు రాయివైపు ఒక అడుగు వేసి ఆగాడు. అతడు ముట్టరాదు; ఆమెను తీయమని మళ్ళీ అడగడానికి నోరు రాలేదు. అన్నలు చుక్కచుక్కగా కరిగిపోతున్నారు.

"వచ్చి కూడా రాయి తీయనివాడు రానివాడే" అన్నది రాళ్ళవ్వ. ఆమె వంగి, ఎప్పటిలాగే ఒకసారి తుడిచి, నల్లరాయిని కొంగులో చుట్టుకొన్నది.

మాంత్రికుడు ఎండ సోకిన పొగమంచులాగా పలచబడి, కనబడకుండా పోయాడు. దూరాన నదిలో గడ్డకట్టిన మంచు పగిలిన చప్పుడు వినవచ్చింది. చిలుక చిత్రావళి అయింది. అలసట తీరిన మేక వెళ్ళి వీపున ఎక్కించుకు రాగా, పదో నాడు వీరకేతు, జయకేతు వచ్చి తమ రాళ్ళు తీసుకున్నారు. అప్పటిదాకా కనుమ దిగకుండా వేచి ఉన్న ఉదయకేతు తన రాయి తీసి తల్లి చేతిలో పెట్టాడు.

ఉదయకేతుకూ చిత్రావళికీ వైభవంగా పెళ్ళి జరిగింది. మైదానపు పిల్ల కావడంవల్ల ఆమె గృహప్రవేశంనాడు గుమ్మానికి నుదురు కొట్టుకున్నది. మంచు కరిగే ఆ మూగమాసం ముగిసింది కనుక రాజ్యమంతా గొంతెత్తి నవ్వింది. సింహాసనం మా తమ్మునిదేనని అన్నలే పట్టుబట్టడంతో ఉదయకేతు రాజై అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు. రాళ్ళవ్వ ఉన్నన్నాళ్ళు, ఏటా ఆమె రాయి తీసిన రోజున అతడు వంగి ఆమె గుడిసెలోకి వెళ్ళి, పొయ్యి పక్కనున్న నల్లరాయి దగ్గర కూర్చుని, ఆమె కాచిన అంబలి తాగి వచ్చేవాడు.

కథ కనుమ దాటిపోయింది, పిల్లలూ. దాని రాయి మాత్రం మీ దగ్గర పెట్టి పోయింది.