తెగిన గీత

చౌడేశ్వరికి ఒకటే దిగులు. ఖాదర్‌వలి సారు నోటి నుంచి "బాగుంది" అన్న మాట ఎట్లా రాబట్టాలా అని.

ఆ యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఆ మాట విన్నవాళ్లు తక్కువ. సారు కోప్పడే మనిషి కాదు. మెచ్చుకునే మనిషీ కాదు. పిల్లలు ఏం తెచ్చి చూపించినా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని "ఊ" అనేవారు. ఆ "ఊ"లో ఏముందో తెలియక ఎమ్మెస్సీ పిల్లలు తలలు బద్దలు కొట్టుకునేవాళ్లు.

ఈసారి మాత్రం సారు "ఊ"తో సరిపెట్టలేరని చౌడేశ్వరి గట్టిగా నమ్మింది. ఆమె చేతిలో ఉన్న పటం, రిపోర్టు అట్లాంటివి మరి.

డిపార్ట్‌మెంట్ వరండాలో గోడ పొడవునా ఒక పెద్ద పటం ఉంటుంది. చుట్టుపక్కల కొండల్లో ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూపించే పటం. ఏ ఒక్కరో గీసింది కాదు. ఏటా ఫీల్డ్ క్యాంపుకు పోయివచ్చిన పిల్లల పటాల్లో సారు ఒక్కటి ఎంచి, ఆ గోడ మీద దాని చోట అతికిస్తారు. మూలన గీసినవాళ్ల పొడి అక్షరాలు ఉంటాయి. అక్కడికి తన పేరు ఎక్కాలని చౌడేశ్వరి చేరిన రోజు నుంచీ కలగంటోంది. జమ్మలమడుగులో మగ్గం నేసే నాయనకు ఫోన్ చేసి, "నా పేరు గోడకెక్కుతాది నాయనా, నువ్వొచ్చి చూడాల" అని ముందే చెప్పేసింది కూడా.

ఆమె వంతుకు వచ్చింది గువ్వలకొండ. పైన ఎర్రటి ఇసుకరాయి, కింద బూడిదరంగు సున్నపురాయి. రెండూ కలిసే హద్దు కొండ నడుము వెంట పోతుంది. ఆ హద్దును పటం మీద గీయడమే పని. అయితే చాలాచోట్ల దాన్ని పైనుంచి దొర్లిన గుండ్లు, కంపచెట్లు కప్పేశాయి. కొన్ని చోట్ల చౌడేశ్వరి హద్దును కళ్లారా చూసింది. కొన్ని చోట్లకు ఎండ పోనివ్వలేదు. ఇంకొన్ని చోట్లకు, ఉన్నమాట చెప్పాలంటే, భోజనాల వేళయిందని పోలేదు.

హాస్టల్‌కు తిరిగొచ్చాక ఆ ఖాళీలన్నీ అక్కకు అప్పజెప్పింది.

అక్క అంటే మనిషి కాదు. యూనివర్సిటీ ఆ ఏడాది పిల్లలందరికీ ఇచ్చిన ఏఐ చాట్‌బాట్. ఏ వేళలో ఏది అడిగినా విసుక్కోకుండా చెబుతుందని హాస్టల్ ఆడపిల్లలు దానికి ఆ పేరు పెట్టుకున్నారు. చౌడేశ్వరి తను చూసిన చోట్లు, రాళ్ల వాలు కొలతలు, ఫోటోలు అన్నీ దానికిచ్చి, "మధ్యలో హద్దు ఎట్లా పోతుంది అక్కా?" అని అడిగింది. అక్క క్షణం కూడా తడుముకోలేదు. ఇట్లా సాగి, వాననీళ్లు పారే వంక దగ్గర ఇట్లా వంగి, అట్లా పోయి కలుస్తుందని చెప్పింది. కారణాలూ చెప్పింది. పైగా, "రిపోర్టు కూడా రాసిపెట్టనా?" అని తనే అడిగింది. వద్దనడానికి చౌడేశ్వరికి నోరు రాలేదు.

ఆ రిపోర్టు చదువుతుంటే ఒళ్లు పులకరించింది. తను ఇంత బాగా రాయగలనని ఆమెకే తెలియదు. రాసింది తను కాదన్న సంగతి రెండో పేజీ దాటేసరికి మరిచిపోయింది.

ట్రేసింగ్ షీటు మీద నల్లసిరాతో హద్దు గీసింది. కొండ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఎక్కడా తెగకుండా, ఒకటే గీత.

"అబ్బ, అచ్చేసినట్టుండాదే!" అంది రూమ్మేటు నస్రీన్.

చౌడేశ్వరి కాళ్లు నేల మీద ఆనలేదు.

మరునాడు సారు తన గదిలో కూర్చుని రిపోర్టును మొదటి నుంచి చివరి దాకా చదివారు. చౌడేశ్వరి ఆయన మొహాన్నే చూస్తూ నిలబడింది.

"ఇంగ్లీషు బాగుంది," అన్నారు సారు.

"బాగుంది" అయితే వచ్చింది. దాని ముందున్న మాటే ఆమెకు నచ్చలేదు.

"మీ అక్క రాసిందా?"

అక్క సంగతి సారు దాకా పోయిందని ఆమెకు తెలియదు. ఇక దాచి లాభం లేదు.

"అవును సార్. కొలతలు మాత్రం నావే సార్."

సారు కోప్పడలేదు. ట్రేసింగ్ షీటు బల్ల మీద పరిచి, గీత మీద వేలు పెట్టారు.

"ఇక్కడ నిలబడినావా?"

"నిలబడినాను సార్. హద్దు బాగా కనపడింది."

వేలు కొంచెం జరిగింది. "ఇక్కడ?"

"ఇక్కడ కూడా సార్."

వేలు ఇంకొంచెం జరిగి వంక దగ్గర ఆగింది. "ఇక్కడ?"

చౌడేశ్వరి గీత మీది నుంచి చూపు తిప్పుకుంది.

"పోనీ, మీ అక్క నిలబడిందా?"

"లెక్క ప్రకారం హద్దు అట్లనే పోతాది సార్," అంది ఉక్రోషంగా. "దాంట్లో తప్పేముంది?"

"తప్పని నేననలేదే. నేనూ పోలేదు, నాకేం తెలుసు?"

సారు సొరుగులోంచి బ్లేడు తీశారు. ట్రేసింగ్ షీటు మీది సిరా రబ్బరుకు పోదు, గీకాల్సిందే. వంక దగ్గర గీతను మెల్లగా గీకి, ఉఫ్ అని ఊదారు. నల్లటి పొడి ఎగిరిపోయింది. గీతలో చిన్న సందు పడింది.

చూసిన హద్దుకు నిండు గీత, ఊహించిన హద్దుకు ముక్కల గీత. పటాలు గీసేవాళ్లకు మొదటి పాఠం అదే. పరీక్షలో ఆ ప్రశ్నకు చౌడేశ్వరి పూర్తి మార్కులు తెచ్చుకుంది.

సారు బ్లేడును ఆమె ముందు పెట్టారు.

"మిగతా చోట్లు నాకు తెలీవు. నీకు తెలుసు."

చౌడేశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అట్లా గీక్కుంటూ పోతే చివరికి మిగిలేది పటం కాదు, ఎలుకలు కొట్టిన చీర.

"ఇట్లాంటిది గోడకెట్ల పెడతారు సార్? మా నాయనకు చెప్పేసినాను," అంది.

సారు లేచి వరండాలోకి నడిచారు. ఆమె వెనకే పోయింది. గోడ మీది పటంలో అన్నిటికంటే పాత ముక్క ముందు ఆయన ఆగారు. కాగితం పసుపుపచ్చగా మారిపోయింది. దాని మీద హద్దు నిండుగా ఉన్నచోటు తక్కువ, తెగి ఉన్నచోటే ఎక్కువ. చౌడేశ్వరి దాన్ని రోజూ చూస్తూనే ఉంది. పాతబడి సిరా రాలిపోయిందనుకునేది. ఇప్పుడు దగ్గరికి పోయి చూస్తే, రాలిపోయింది ఏమీ లేదు. ఒక్కో ముక్కనూ శ్రద్ధగా, సమానంగా గీశారు. మూలన "ఖా.వ." అని ఉంది.

కొన్ని సందుల్లో వేరే చేతులు గీసిన చిన్నచిన్న నిండు గీతలు ఉన్నాయి. ఒక్కోదాని పక్కన వేరే వేరే పొడి అక్షరాలు. సారు తర్వాత వచ్చినవాళ్లవి.

"తెగిన చోటికి ఎవరో ఒకరు పోతారమ్మా," అన్నారు సారు. "కలిపేస్తే ఎవరూ పోరు."

అంతే చెప్పి టీ తాగడానికి క్యాంటీనుకు వెళ్లిపోయారు.

చౌడేశ్వరి సారు గదిలోకి తిరిగొచ్చి బ్లేడు చేతిలోకి తీసుకుంది. మొదటి సందు పెట్టడానికి చెయ్యి రాలేదు. తర్వాత తర్వాత కొంచెం సులువైంది. గీకే ముందు ప్రతిచోటా "ఇక్కడ నిలబడ్డానా?" అని తనను తనే అడుక్కుంది. ఒకచోట నిలబడ్డానని అబద్ధం చెప్పుకోబోయి, మనసొప్పక గీకేసింది. రిపోర్టు కూడా తనే కూర్చుని రాసింది. అది సగానికి సగం తగ్గిపోయింది. "ఇక్కడికి పోలేదు" అన్న వాక్యం మాటిమాటికీ వచ్చింది. అక్క రాసినదాంట్లో ఆ వాక్యం ఒక్కసారి కూడా లేదు.

అంతా అయ్యాక చూస్తే వంక దగ్గరి సందు మాత్రం ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఆదివారం నస్రీన్‌ను తోడు తీసుకుని బస్సెక్కింది. అందుకు నస్రీన్‌కు లంచం ఒక డబ్బా బొరుగుల ఉగ్గాని. నస్రీన్ వంక ఒడ్డున నీడ చూసుకుని డబ్బా తెరిచింది.

"రాళ్లు యాడికీ పోవు గానీ బస్సు పోతాది, తొందరగా రా!" అని కేకేసింది.

చౌడేశ్వరి ఎండిన వంకలోకి దిగింది. కంపముళ్లు చేతులు గీరాయి. వంక మలుపు తిరిగే చోట వరద కోసేసిన గట్టు నిలువునా లేచి ఉంది. పైన ఎర్రరాయి. కింద బూడిదరాయి. సంచిలోంచి యాసిడ్ సీసా తీసి పైరాయి మీద చుక్క వేసింది. ఏమీ కాలేదు. కిందిరాయి మీద వేసింది. బుస్సుమని నురగ లేచింది. సున్నపురాయే, సందేహం లేదు.

కొంచెం పక్కకు జరిగి, రెండు రాళ్లనూ తాకేట్టు అరచెయ్యి ఆనించింది. చేతి కింద హద్దు సన్నగా తగిలింది.

"నస్రీన్! ఇదో, ఈడుండాదే!" అని అరిచింది.

నస్రీన్ నోటి నిండా ఉగ్గాని ఉన్నట్టుంది, జవాబు రాలేదు. రాకపోతేనేం? ఆ ఎండలో, ఆ ముళ్లలో నిలబడి చౌడేశ్వరి గర్వంతో పొంగిపోయింది. రిపోర్టు చదువుకున్న రోజు కూడా ఇంత సంతోషం కలగలేదు.

సోమవారం పటం మళ్లీ సారు బల్ల మీదికి వచ్చింది. వంక దగ్గర సందులో ఇప్పుడు గోరంత నల్లటి గీత ఉంది. దానికి అటూ ఇటూ ముక్కలే.

"ఊ," అన్నారు సారు.

చౌడేశ్వరి ఆగలేకపోయింది. "ఒక మాట సార్. అక్క చెప్పింది కరెక్టే సార్. హద్దు సరిగ్గా అది చెప్పిన చోటనే ఉండాది."

సారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు.

"కరెక్టని నీకెవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పేదేంది సార్? నేను పోయి చూసినాను!"

అనేసి, ఆగిపోయింది.

సారు పటం మూల చూపించి, పెన్ను మూత తీసి ఆమె చేతికిచ్చారు.

అందరూ మూలన పొడి అక్షరాలు పెడతారు. చౌడేశ్వరికి అవి చాలలేదు. ఇంటిపేరు, నాయన పేరు, తన పేరు, అన్నీ గుండ్రంగా, పెద్దగా రాసింది.

సారు నవ్వారు. "ఏమ్మా, కొండంతా నీదే అన్నట్టు రాసినావే!"

"కొండంతా కాదు సార్." చౌడేశ్వరి వంక దగ్గరి గీత మీద వేలు పెట్టింది. "ఇంత."