నిప్పు కప్పే గంట

చలికాలం మొదట్లో వచ్చే అంద్రేయ పండుగకు ముందటి మంగళవారం, సాయంత్రం ఊరి గంట మోగడానికి అరగంట ఉందనగా, మా ముత్తవ్వ ఈడా తన గురువును ఒక మాట అడిగింది. రోజునీ వేళనీ ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే, మా ఇంటి ఆడవాళ్లు ఏటా ఆ వేళకి పొయ్యి దగ్గర కూర్చుని ఈ సంగతి చెప్పుకుంటారు గనుక. నేను మా అవ్వ నోట విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

గురువు పేరు ఓడీలా. పెళ్లి చేసుకోకుండా, మఠంలోనూ చేరకుండా, ఒకే ప్రహరీ లోపల కలిసి ఉంటూ నూలు వడికి బతికే స్త్రీలు మా ఊళ్లో కొందరుండేవారు. ఆమె వాళ్లలో పెద్ద. ఈడాకి ప్రార్థనలు చదవడం నేర్పింది ఆమే. అడిగిన ప్రశ్నకు అడిగిన పూటే జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఆ సాయంత్రం ఆమె వచ్చింది కూడా ప్రశ్న కోసం కాదు, చలిజ్వరంతో మంచం పట్టిన ఈడా అత్తగారిని చూడడానికి.

"అమ్మగారూ, మా అక్క మీద నాకు కోపం లేదండీ," అంది ఈడా. "బాగా వెతికి చూసుకున్నాను. మంటా లేదు, పొగా లేదు. దీన్ని క్షమించడం అనొచ్చా? అనొచ్చంటే ఈ ఆదివారం సత్ప్రసాదం పుచ్చుకుంటాను, మనసులో పగ ఉంచుకుని పుచ్చుకోకూడదు కదా. కాదంటే ఈ ఏడు కూడా గుడిలో వెనకే నిలబడతాను."

అక్క వాల్బుర్గా ఉండేది పక్కింట్లోనే. మధ్యన ఒక్క గోడ. మూడేళ్ల కిందట వాళ్ల తల్లి పోయిన రాత్రి మంచం పక్కన కూర్చున్నది ఈడా. తెల్లవారుజామున కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి తల్లి లేదు. సమాధి చేసి వచ్చాక, భోజనాల దగ్గర, వాల్బుర్గా నలుగురిలోనూ, "మా అమ్మకి ప్రాణం పోతుంటే మా చెల్లికి నిద్రొచ్చింది," అంది. ఆ మాట అబద్ధం కాదు. అబద్ధమైతే ఏనాడో మానిపోయేది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఓడీలా ముసలావిడని చూసుకుంటూ ఉండగానే, జవాబు రాకముందే గంట మోగింది.

మా ఊరంతా కర్ర ఇళ్లు, గడ్డి కప్పులు. నిప్పు కప్పే గంట అని అందరూ పిలిచే ఆ గంట మోగగానే ఇంటింటా పొయ్యిలో కణికలు ఒకచోటికి లాగి, నివురు కప్పి, పైన మట్టి మూత బోర్లించాలని నగరసభ వారి కట్టడి. కావలి మనిషి తలుపు సందుల్లో వెలుగేమైనా ఉందేమో చూసుకుంటూ వీధి వెంట వెళ్తాడు. పొద్దున నివురు తీసి ఊదుకుంటే చాలు, నిప్పు పెట్టిన చోటే ఉంటుంది.

ఈడా అలా చెయ్యలేదు. కుండతో నీళ్లు తెచ్చి పొయ్యిలో పోసింది. బుస్సుమని ఆవిరి లేచింది. బయట కావలి మనిషి అది విని, "ఈడమ్మ పొయ్యిలో పిల్లికి అప్పుడే పక్క వేసేశారు," అని నవ్వుకుంటూ పోయాడు.

"రోజూ ఇంతేనా?" అంది ఓడీలా.

"ఇంతేనండీ. ఆర్పే గంట మోగింది కదా."

"ఏ గంట?"

"నిప్పు ఆర్పే గంట." కుండ బోర్లించి ఈడా మళ్లీ అంది: "ఒకసారి కునికిన మనిషిని నేను. ఇంట్లో నిప్పుంటే నాకు కన్ను మూతపడదు."

గంట మోగాక ఆ స్త్రీల ప్రహరీ తలుపు ఎవరికీ తియ్యరు. అందుకని ఓడీలా ఆ రాత్రి ముసలావిడ మంచం పక్కనే పడుకుంది.

తెల్లారేసరికి మంచు కమ్మేసింది. ముసలావిడకి పళ్లు టకటకలాడుతున్నాయి, కాస్త వేడి జావ అడిగింది. ఈడా చెకుముకి కొట్టింది. దూది చెమ్మగిలి ఉంది. మళ్లీ కొట్టింది. వేలి కణుపు చీరుకుని నెత్తురొచ్చింది గాని నిప్పు రాలేదు. ఓడీలా సాయం చెయ్యలేదు, సలహా చెప్పలేదు. మంచం ఆనించిన గోడ మీద అరచెయ్యి పెట్టి, "ఇది వెచ్చగా ఉందే," అంది.

"అది వాళ్ల పొయ్యి వెనక గోడండీ," అంది ఈడా, తలెత్తకుండా.

ముసలావిడ దుప్పట్లోంచి, "మూడేళ్లుగా నా వీపు కాస్తున్నది నువ్వనుకున్నావా కోడలా?" అంది. "మంచం ఇక్కడ వేసింది మాత్రం నువ్వే."

ఈడా చాలాసేపు చెకుముకి పట్టుకునే కూర్చుంది. అత్తగారి వణుకుకి మంచం కిర్రుమంటూనే ఉంది. చివరికి లేచి, ఒక చిన్న మట్టి కుండ తీసుకుని పక్కింటి తలుపు తట్టింది.

వాల్బుర్గా తలుపు తీసి, చెల్లెలి మొహం చూసింది, కుండ చూసింది. ఏం కావాలని అడగలేదు. పొయ్యి మీది మూత ఎత్తింది. అది తల్లి వాడిన మూతే, అంచు విరిగినది. నివురు కింద కణికలు ఎర్రగా ఉన్నాయి. పట్టకారుతో నాలుగు తీసి కుండలో వేసింది.

"నివురు కూడా వేసుకో. ఒట్టి కణికలు దారిలోనే చస్తాయి."

"అక్కా, ఇది ఇంట్లో పెట్టుకుని నీకు నిద్రెలా పడుతుంది? భయం వెయ్యదూ?"

"వేస్తుంది," అంది వాల్బుర్గా. "అందుకే కప్పుతాను." కుండలో ఇంత నివురు తనే వేసి, "పద, నేనూ వస్తాను. మీ అత్తగారికి జావ పలచగా కాచాలి, నీకు చేతకాదు," అంది.

ఆ పొద్దున మా ఇంట్లో పొయ్యి ఇద్దరు ఊదారు. ముసలావిడ రెండు గిన్నెల జావ తాగింది. వాల్బుర్గా ఇంటికి వెళ్లి, తల్లి మూతకి విరిగిన ముక్క తెచ్చి ఈడా గూట్లో పెట్టి వెళ్లింది. ఇప్పటికీ అది మా ఇంట్లో ఉంది.

ఓడీలా బయల్దేరుతుంటే ఈడా గుమ్మం దాకా వెళ్లింది. "అమ్మగారూ, ఆదివారం సంగతి మీరేమీ చెప్పలేదు."

ఓడీలా చేతులు వెచ్చజేసుకుంటూ, "నిన్న ఆ గంట పేరేదో అన్నావు," అంది. "మళ్లీ ఒకసారి చెప్పు."