ఇల్లు అలికిన పీత

దేవుడి దయవల్ల అందరం చేరాం. వెనకవాళ్లు ముందుకు జరగండి, చెబుతాను.

అనగనగా సముద్రపు ఒడ్డున ముత్యాలరేవు అనే చిన్న రాజ్యం. ఆ ఏడు చినుకు రాలలేదు. గాదెలు ఖాళీ. రాజు వీరభూపాలుడు బియ్యం కోసం ఇంగ్లీషు ఓడకు కబురు పెట్టాడు. అయితే రేవు ముందు నీటి కింద రాళ్లున్నాయి. ఎదురెళ్లి ఓడవాళ్లను వాళ్ల భాషలోనే హెచ్చరించాలి.

అందుకని రేవులో ఇంగ్లీషు నేర్పే బడులు రెండు వెలిశాయి.

దండపాణి పంతులు బడిలో ఒక్క మాట తప్పు పలికితే బెత్తం దెబ్బ. రెండో బడి నూకన్నది. ఒకప్పుడు ఓడల్లో వంట చేసినవాడు. ఆయన పాఠాలన్నీ నవ్వుల కథలే.

"ఒక పీత రాతి మీద కూర్చుందర్రా. ఎదురుగా ఓడ! 'స్టాప్! స్టాప్! రాక్! మై హౌస్!' అని అరిచింది. 'మా ఓడంటే నీకెంత జాలే!' అన్నాడు కెప్టెన్. 'నీ ఓడ ఎవడిక్కావాలి? ఇందాకే ఇల్లు అలికాను, తడైనా ఆరలేదు!' అంది పీత."

చేపలమ్మే పైడమ్మ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. మర్నాడు తనే పీతయి ఆ కథ ఆడింది. తడబడితే నూకన్న, "పర్లేదే తల్లీ! నా మొదటి ఇంగ్లీషుకి ఓడలో మేక కూడా నవ్వింది" అనేవాడు.

ఆ నవ్వులు రాజు చెవిన పడ్డాయి.

"జనం ఆకలితో ఉంటే ఇకిలింపులా? మూసెయ్ బడి!"

నూకన్న తలవంచుకుని తలుపు మూశాడు.

ఓడ రానే వచ్చింది. రాజు ఆజ్ఞపై దండపాణి, ఆయన మేటి శిష్యులిద్దరూ పడవెక్కారు. తెడ్డు వేసేది పైడమ్మ. ఓడ తెరచాపలెత్తి నేరుగా రాళ్ల మీదికే వస్తోంది.

అందరూ చేతులూపారు. స్వాగతమనుకుని ఓడవాళ్లూ ఊపారు!

మొదటి శిష్యుడు నోరు తెరిచి, గురువు మొహం చూసి మూసేశాడు. రెండోవాడు అలవాటుగా అరచేతులు వెనక దాచుకున్నాడు. చివరికి పంతులే లేచాడు. తప్పు దొర్లితే శిష్యుల ముందు పరువేం కాను? మాటలు పేర్చుకుంటున్నాడు. పేర్చుకుంటూనే ఉన్నాడు.

"అరవండి బాబూ! బియ్యం మునిగితే పిల్లలు చస్తారు!" అంది పైడమ్మ.

ఓడకూ రాళ్లకూ మధ్య నూరు బారలు. యాభై బారలు. ఒడ్డున తల్లులు చంటిపిల్లల్ని హత్తుకుని దేవుణ్ణి తలుచుకున్నారు.

పైడమ్మ తెడ్డు వదిలేసి లేచింది. పీతలా చేతులు చాచింది.

"స్టాప్! స్టాప్! రాక్! మై హౌస్!"

కెప్టెన్ ఉలిక్కిపడ్డాడు. లంగరు గలగలా దిగింది. రాళ్లకు పది బారల దూరంలో ఓడ ఆగింది.

ఆ సాయంత్రం ఒడ్డున గంజి ఉడుకుతుంటే, కెప్టెన్ నీళ్లకేసి చూపించి, పైడమ్మ ఇల్లెక్కడని సైగ చేశాడు. నూకన్న పీత కథ చెప్పాడు. కెప్టెన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజూ ఆపుకోలేకపోయాడు.

"రేపు బడి తెరువు నూకన్నా. నేనూ వస్తాను."

దండపాణి తన బెత్తాన్ని మెల్లగా గంజి పొయ్యిలోకి తోశాడు.

చూశారా నాయనలారా! భయపెట్టి నేర్పిన మాట అవసరానికి గొంతు దాటదు. నవ్విస్తూ నేర్పిన మాట ఆపదలో తనంతట తానే నోటికొస్తుంది.