మసి పూయని పుస్తకం

వెనకటికి కొండవాగు సీమను వీరభోజుడు ఏలేవాడు. ఆయన రాజ్యంలో బడిపిల్లలు ఏ పుస్తకం చదవాలన్నా ఆస్థాన పండితుడు సోమయాజులు "యోగ్యం" అనాల్సిందే. ఆయన యోగ్యమన్న పుస్తకం ఇన్నేళ్లలో ఒక్కటే. అదీ ఆయన రాసిందే!

పధ్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు ఆ నీతిగ్రంథం ముందు కునికిపాట్లు పడుతుంటే నరహరి పంతులు చూడలేకపోయాడు. తండ్రి మాట కాదని వరదలో పడవ వేసుకుని వెళ్లిన ఓ బెస్తపిల్ల కథ పుస్తకం తెచ్చి చదివి వినిపించడం మొదలుపెట్టాడు. ఇక చూడండి, బడి వదిలినా పిల్లలు ఇంటికి పోరే!

సోమయాజులు మండిపడ్డాడు. "ప్రభూ, ఇది చదివితే పిల్లలు పెద్దల్ని లెక్కచేయరు. పుస్తకం తగలబెట్టించండి, పంతుల్ని ఊరు దాటించండి."

"అలాగే," అన్నాడు రాజు. ముప్పై ఏళ్లుగా బడి తప్ప వేరే లోకం ఎరగని పంతులు సభలో ఓ మూల నిలబడి పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు.

విదూషకుడు తిప్పన లేచాడు. "మహాప్రభూ, ఆ కథకి రెండో భాగం కూడా ఉంది. దాన్నీ పండితులవారు పరీక్షిస్తే రెండూ ఒకే మంటలో వేయొచ్చు. కట్టెలు కలిసొస్తాయి."

రాజు సరేనన్నాడు. ఆ రోజే తాటాకుల కట్ట ఒకటి సోమయాజులు ఇంటికి చేరింది.

మర్నాడు ఆయన సభలో ఆ కట్ట ఎత్తి చూపించాడు. "మొదటినుంచి చివరిదాకా మూడుసార్లు చదివాను. పధ్నాలుగో ఆకు నుంచి మరీ దారుణం!"

"ఆ ఆకు కాస్త వినిపించండి స్వామీ," అన్నాడు తిప్పన.

పండితుడు కట్ట విప్పి ఆకు తీశాడు. దానిమీద ఒక్క అక్షరం కనబడితే ఒట్టు. ఆయన ఆకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గంటంతో గీసిన అక్షరం మసి పూస్తేగానీ కనబడదు కదా ప్రభూ. నేను మొదటి ఆకు మీదా చివరి ఆకు మీదా బెస్తపిల్ల కథ గీసి, వాటికి మాత్రమే పూశాను. మధ్యవి వీరెలా చదివారో ఏమో!" అంటూ తిప్పన ఆ ఆకుకి మసి రాసి, తుడిచి, రాజు చేతికిచ్చాడు.

రాజు చదివి కనుబొమలు ఎగరేశాడు. "సోమయాజులుగారూ, ఇది మీ నీతిగ్రంథమే కదండీ!"

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన శాలువా తీసి తిప్పనకి కప్పాడు. పంతులుకి బడీ దక్కింది, పుస్తకమూ దక్కింది.

తిప్పన శాలువా సర్దుకున్నాడు. "ఇంతకీ తగలబెట్టమన్న ప్రభువులవారు ఆ కథ చదివారా?"

రాజు నవ్వు ఠక్కున ఆగింది. "లేదోయ్," అని ఒప్పుకుని, ఈసారి తనని చూసుకుని నవ్వాడు.

ఆ సాయంత్రం బడిలో వెనక వరసలోంచి ఓ పెద్ద గొంతు ఆత్రంగా అడిగింది. "పంతులుగారూ, ఆ పిల్ల ఒడ్డు చేరిందా?"

"తొందరపడకండి ప్రభూ," అన్నాడు పంతులు, "ఇంకా మూడో ఆకులోనే ఉన్నాం."