రానివాళ్లంతా ఒప్పుకున్నట్టే

ఒకప్పుడు తుంగవరం అనే రాజ్యం ఉండేది. ఎక్కడుందని అడగకండి, ఉన్న రోజుల్లోనే పక్క రాజులు దాన్ని పట్టించుకునేవారు కారు. దాన్ని ఏలే గజకీర్తి మహారాజుకి మాత్రం భూమ్మీద తనంతటివాడు లేడని గట్టి నమ్మకం. ఆయన కొలువులో విస్సన్న అనే చమత్కారి ఉండేవాడు. రాజుగారు నవ్వినంత కాలం అతనికి జీతం, నవ్వకపోతే గండం.

ఆ రాజ్యంలో మందు పన్ను అని ఓ మంచి ఏర్పాటు ఉండేది. ప్రతి ఇల్లూ ఏడాదికో కుంచం బియ్యం వైద్యశాలకి కొలిచేది. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా వైద్యుడు మరో గింజ అడక్కుండా మందిచ్చేవాడు. అలా సాగిపోతుండగా మంత్రి చతురంగయ్య రాజుగారి చెవిలో ఓ మాట వేశాడు. మందుల ఖర్చు తడిసి మోపెడవుతోంది, ఈ పద్ధతిని సంస్కరించాలి, కుంచాన్ని మూడు కుంచాలు చెయ్యాలి, ఇచ్చుకోలేనివాళ్లకి మందు ఆపెయ్యాలి అని. సంస్కరణ అన్న మాట రాజుగారికి తెగ నచ్చింది. శిలాశాసనం మీద తన పేరు పక్కన బాగుంటుందనుకున్నారు.

కాకపోతే ఓ చిక్కుంది. పన్ను పెంచాలంటే ఊరూరా సభ పెట్టి జనాన్ని అడగాలని రాజుగారి తాతగారు చట్టం చేసిపోయారు. కుండలో తెల్లరాయి వేస్తే సరే, నల్లరాయి వేస్తే వద్దు. సభకి రానివాళ్లంతా సరే అన్నట్టే. ఎన్నిసార్లు పిలిచినా జనం కదలక ఆ పెద్దాయన విసిగిపోయి ఆ ముక్క చేర్చారు. చతురంగయ్య సరిగ్గా ఆ ముక్కే పట్టుకున్నాడు. నాట్లు ముమ్మరంగా పడుతున్న రోజు చూసి, మిట్టమధ్యాహ్నం సభలు పెట్టించాడు. పడ్డ రాళ్లు కుండల అడుగు కూడా కప్పలేదు. ప్రజలు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారని సాయంత్రానికల్లా చాటింపు వేయించాడు.

విస్సన్న అక్క నాంచారమ్మది కోటకి ఆమడ దూరంలో చిన్న పల్లె. ఆమె మొగుడికి ఉబ్బసం. వైద్యశాలలో ఇచ్చే లేహ్యం లేకపోతే పడుకుని ఊపిరి తీసుకోలేడు. మూడు కుంచాలు వాళ్ల వల్ల అయ్యే పని కాదు. సంగతి తెలియగానే విస్సన్న ఆదరాబాదరా పల్లెకి వెళ్లాడు.

"సభకెళ్లి నల్లరాయి వెయ్యలేదా అక్కా?"

"ఎక్కడి తీరికరా? నాట్లకి వంచిన నడుం పొద్దుగూకేదాకా ఎత్తలేదు. అయినా నా ఒక్కదాని రాయితో ఆగిపోతుందా ఏంటి?"

"ఊరంతా ఇదే మాట అనుకుంది."

"అనుకోరూ మరి? వాళ్లు చేసేది వాళ్లు చేస్తారు. మనల్ని అడగడం ముచ్చటకి."

విస్సన్నకి మంత్రి మీద ఎంత ఒళ్లు మండిందో అక్క మీదా అంతే మండింది. ఈలోగా లోపల్నించి బావ దగ్గు వినబడింది. ఆ దగ్గు ఎంతకీ ఆగకపోయేసరికి కోపం పోయి భయం పట్టుకుంది. మందు ఆగితే ఈ మనిషి చలికాలం దాటడు.

తిరిగొస్తూ దారంతా ఆ చట్టాన్నే మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని ప్రకారం కోట కూడా ఓ ఊరే. వంటవాళ్లు, గుర్రాలవాళ్లు, బట్టలుతికేవాళ్లు, కావలివాళ్లు, మంత్రిగారు, రాజుగారు అందరూ ఆ ఊరి జనమే. ఆ ఊరికీ సభ ఉంది, ఇన్నేళ్లలో దాన్ని పెట్టినవాడే లేడు.

మర్నాడు రాజుగారు భోంచేసి నడుం వాల్చిన వేళ కోటలో దండోరా మోగింది. విస్సన్న డప్పువాణ్ని సరాసరి రాజుగారి కిటికీ కిందే నిలబెట్టాడు.

"మందు పన్ను గురించి కోట సభహో! అందరూ వంటశాల ముందుకి రావాలహో!"

రాజుగారు ఒక కన్ను తెరిచి, "ఏంట్రా ఆ గోల?" అన్నారు.

"ఏదో సభట ప్రభూ," అన్నాడు వింజామర వీచేవాడు.

"వాళ్లే ఏదో ఏడుస్తార్లే," అని రాజుగారు అటు తిరిగి పడుకున్నారు. మంత్రిగారు తలంటు పోయించుకుంటూ ఆ మాత్రం కూడా అడగలేదు.

ఆ మరునాడు ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. నేతి గారెల్లేవు, పూర్ణాల్లేవు. చెరో ముంతలో జొన్న అంబలి, చెరో గిన్నెలో చేదు నేలవేము కషాయం ఉన్నాయి.

"ఎవడిదీ నిర్వాకం?" అన్నారు రాజుగారు.

"కోట సభ తీర్మానం ప్రభూ," అంటూ విస్సన్న ముందుకొచ్చాడు. "మందుల ఖర్చు ఎందుకు పెరుగుతోందని వైద్యుణ్ణి పిలిచి అడిగాం. ఊళ్లన్నిటికీ పోయే మందుకన్నా తమ అజీర్తికీ మంత్రిగారి కడుపుబ్బరానికీ నూరే కస్తూరి, ముత్యాల భస్మం ఎక్కువట. అందుకని మేమూ సంస్కరించాం. ఏడాది పాటు తమరిద్దరికీ అంబలి, పూటపూటా కషాయం. మిగిలిన నెయ్యీ బెల్లం వైద్యశాలకి."

"దీనికి ఒప్పుకున్నదెవరు?"

"అందరూ ప్రభూ. తమతో సహా."

"నేను సభకే రాలేదు కదయ్యా."

"అందుకే ఒప్పుకున్నట్టు."

వంటవాళ్లు ఊపిరి బిగబట్టారు.

"అన్యాయం ప్రభూ," అన్నాడు చతురంగయ్య. "ఎవరికీ కుదరని వేళ చూసి సభ పెట్టాడు."

"కోటలో నాట్లుండవు కదాని పెట్టాను మంత్రిగారూ. తమకి నాట్లున్నాయని తెలియదు."

రాజుగారు కషాయం ఓ గుక్క తాగి ముఖం వికారంగా పెట్టారు. అదే వికారం ఎదురుగా మంత్రి ముఖంలోనూ కనబడేసరికి ఆయనకి నవ్వు ఆగలేదు. అంబలి ముంత ఒలికిపోయేంతగా నవ్వారు.

"చిక్కాను విస్సన్నా. బయటపడే దారి కూడా నువ్వే చెప్పు."

"రానివాణ్ని ఎలా లెక్కేస్తారనేగా తమరన్నది. ఊళ్లవాళ్లూ అదే అడుగుతున్నారు ప్రభూ. ఆ ముక్క కొట్టేయించి, నాట్లయ్యాక మళ్లీ అడగండి."

రాజుగారు అలాగేనన్నారు. విస్సన్న మళ్లీ అక్క దగ్గరికెళ్లి, "ఈసారి మీరు రాకపోతే నా దగ్గర ఇంకో యుక్తి లేదే," అన్నాడు. ఆ మాట ఆమె నోటి గుండా ఊళ్లన్నీ తిరిగింది.

నాట్లయ్యాక పొద్దున్నే సభలు పెట్టారు. నాంచారమ్మ ఊరికి రాజుగారే విస్సన్నని వెంటబెట్టుకుని స్వయంగా వెళ్లారు. జనం చీమలబారులా నిలబడ్డారు. మూడు కుంచాలనగానే నల్లరాళ్లతో కుండ నిండిపోయింది. అప్పుడు ఊరి పెద్దలు ఇంకో మాట పెట్టారు. కుంచమున్నర కొలుస్తాం, మందు మాత్రం ఎవరికీ ఆపకూడదు, కోటవారి అజీర్తి ఖర్చు కోటవారే పెట్టుకోవాలి. ఈసారి తెల్లరాళ్లు పొంగిపొర్లాయి. తక్కిన ఊళ్లూ ఇదే మాట అన్నాయి.

రాజుగారికి ఆశ్చర్యమేసింది. అప్పుడే తెల్లరాయి వేసి వెళ్తున్న నాంచారమ్మని ఆపారు.

"పెంచడానికే ఒప్పుకున్నావే తల్లీ, నీకు బరువు కాదా?"

"బరువే మహారాజా. మందులు ఊరికే వస్తాయా? అప్పుడు మేం ఒప్పుకున్నామని మీరు చెప్పారు. ఇప్పుడు మమ్మల్ని అడిగారు."

రాజుగారు పెద్దగా నవ్వి, మెళ్లోని ముత్యాల హారం తీసి విస్సన్న మెళ్లో వేశారు. విస్సన్న చూపు మాత్రం హారం మీద లేదు. వరసలో బావ మెల్లగా నడుస్తూ, ఊపిరి కోసం ఆగుతూ, గుప్పిట్లో రాయి పట్టుకుని కుండ దగ్గరికి వస్తున్నాడు.