తప్పులు చెప్పే చిలుక

దగ్గరికి జరగండర్రా, వెనకవాళ్ళకి వినపడదు. అనగనగా ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు చందసేనుడికి ముక్కుమీద కోపం. ఒక మాట అంటే పది మాటలు అప్పజెప్పేవాడు.

ఏడు సముద్రాల అవతల జటిలుడనే మాంత్రికుడు మందాకిని అనే రాకుమారిని బంధించి ఉంచాడు. వాడి బలమంతా పంజరంలోని చిలుకలో ఉంది. ఆ చిలుక, దగ్గరికొచ్చిన వాళ్ళకి వాళ్ళ తప్పులు మూడు చెబుతుంది. ఎదురు మాట అన్నారా, రాయే! రాకుమారిని విడిపిస్తానని పెద్దన్న వెళ్ళాడు, రాయయ్యాడు. రెండో అన్న వెళ్ళాడు, రాయయ్యాడు.

"మా అన్నల్ని నేను తెస్తా" అని బయల్దేరాడు చందసేనుడు. కృష్ణ ఒడ్డు చేరేసరికి జోరున వానలు. పడవలు లేవు. కొండమీద బౌద్ధ భిక్షువుల ఆరామంలో తలదాచుకున్నాడు.

వానలు వెలిశాక అక్కడో ఆచారం. ప్రతి భిక్షువూ అందరి ముందు చేతులు జోడించి, "నాలో మీరు చూసిన తప్పు, విన్న తప్పు, అనుమానించిన తప్పు దయతో చెప్పండి, దిద్దుకుంటాను" అనాలి. ముందు కూర్చున్నదెవరనుకున్నారు? అందరికంటే పెద్దాయన, ధమ్మనంది!

"భంతే, నేను మాట్లాడుతుంటే సగంలోనే జవాబు చెప్పేస్తారు. మిగతా సగం నా కడుపులోనే ఉండిపోతుంది" అన్నాడు రేవతుడనే చిన్న భిక్షువు. భంతే అంటే స్వామీ అని.

"నిజమే నాయనా. చెప్పి మేలు చేశావు" అన్నాడాయన.

చందసేనుడికి ముచ్చటేసి తానూ కూర్చున్నాడు. "మీరు మా మాట వినరు, జవాబు వెతుక్కుంటారు" అన్నాడు రేవతుడు.

"అబద్ధం!" అని దిగ్గున లేచాడు మనవాడు. నవ్వకండర్రా, మీరైతే లేవరూ?

"తొందరేముంది బాబూ, నాలుగు రోజులు చూసుకో" అన్నాడు ధమ్మనంది. చూసుకున్నాడు. తలవంచుకుని వచ్చి, "నిజమే" అన్నాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు. "మీ అన్నలు నా మాట వినకుండానే నా వీపెక్కి కూర్చున్నారు. నువ్వన్నా విను. చిలుక ఏమన్నా ఎదురు చెప్పకు" అంది.

"అలాగే తాబేలు తాతా" అని దాని వీపుమీద ఏడు సముద్రాలూ దాటాడు.

"నీకు అన్నలంటే అసూయ" అంది చిలుక. చందసేనుడు నోరు తెరిచి మూసుకున్నాడు.

"నువ్వొచ్చింది మెప్పు కోసం." ఒళ్ళు మండింది. పళ్ళు బిగపట్టాడు.

"మీ అమ్మ చివరి రోజున పిలిస్తే, వేట వదిలి రాలేదు నువ్వు."

దీనికి జవాబుంది అతని దగ్గర. పోయేంత జబ్బని తనకు తెలియదనే జవాబు, ఏళ్ళుగా గుండెల్లో మోస్తున్నాడు. అది మింగేసి వెక్కివెక్కి ఏడ్చాడు. "నిజమే. ఇంకేమైనా ఉందా?"

చిలుక తెల్లబోయింది. "ఆ మాట నన్నింతవరకు ఎవరూ అడగలేదు."

"నీ బాధేదైనా ఉంటే అదీ చెప్పు, వింటాను."

"జటిలుడి తప్పొకటి చెప్పాలి. చెబుతానని భయపడే నన్ను బంధించాడు."

చందసేనుడు పంజరం తలుపు తీశాడు. చిలుక ఎగిరి మాంత్రికుడి భుజంమీద వాలింది. "అందరికంటే పిరికివాడివి నువ్వే!"

"ఎవరే పిరికి..." అంటూనే వాడు రాయైపోయాడు!

మందాకిని చెర వీడింది. రాళ్ళైన అన్నలిద్దరూ కళ్ళు తెరిచారు. "ఇప్పుడా రావడం, సోమరిపోతా!" అని కసిరాడు పెద్దన్న. వానల్లో ఆగిన సంగతి నాలుక చివరిదాకా వచ్చింది చందసేనుడికి.

"ఆలస్యమైంది, నిజమే అన్నయ్యా" అని గట్టిగా వాటేసుకున్నాడు. కసిరిన అన్న కూడా ఏడ్చేశాడు.

మందాకినికీ చందసేనుడికీ ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. ఆమె తండ్రి రాజ్యాన్ని ఇద్దరూ చాలాకాలం ఏలారు. ఏటా వానలు వెలిశాక రాజు సభలో చేతులు జోడించి కూర్చునేవాడు. మొదట రాణి చెప్పేది. అదే మధ్యాహ్నం దాకా సాగేదట! అంతా విని రాజు అడిగేవాడు, "ఇంకేమైనా ఉందా?"