మడతపెట్టెకు ఈక, మనిషికి బొట్టు

అనగనగా ఒక రేవు. రేవుకొక కొలిమి. కొలిమికొక తిత్తి. తిత్తి లాగడానికొక సూరమ్మ. మరి రాజుగారేరీ అని అడక్కండి. ఈ కథలోకి ఆయన్నెవరూ పిలవలేదు.

మొగుడు పోయాక సూరమ్మ మరిది కొలిమిలోనే ఉండిపోయింది. పొద్దున తిత్తి లాగేది, మధ్యాహ్నం తిత్తి లాగేది, సాయంత్రం తిత్తి లాగేది. ఒకనాడు ఓడ దిగిన పరదేశి ఒకడు తోలు చిరిగిన పెట్టెను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అది అకార్డియన్. రేవు జనానికి నోరు తిరక్క మడతపెట్టె అన్నారు. బాగుచెయ్యమని సైగ చేశాడు, మళ్లీ వస్తానని సైగ చేశాడు. వెళ్లాడు, రాలేదు.

సూరమ్మ మేకతోలు అతికించి, పెట్టెను మెడకు తగిలించుకుని లాగింది. పెట్టె కుయ్యోమంది.

"ఓసి నీ దుంప తెగ! నువ్వూ తిత్తివేనా?" అంది సూరమ్మ.

అప్పట్నుంచి ఎలా వాయిస్తావని ఎవరడిగినా ఆమె చెప్పేది ఒకటే మాట. "లాగితే గాలి, నొక్కితే పాట. అంతే బాబూ."

అంతే అయితే మనమూ వాయిద్దుము. భజనలో ఆమె పెట్టెను నిదానంగా సాగదీసేది. తంబురా వెనకాల ముసలి భక్తుడెవరో నిట్టూర్చినట్టుండేది. వీధిబాగోతంలో తుంచి తుంచి లాగేది. వేషగాడు మీసం ఒకసారి తిప్పితే పెట్టె రెండుసార్లు తిప్పేది. పెళ్లి ఊరేగింపులో డప్పులతో పాటు గెంతించేది. అలిగిన ఆడపడుచు కూడా అలక మరిచి అడుగేసేది. అదే పెట్టె. అదే మేకతోలు.

ఇక తగువు రాకుండా ఉంటుందా?

"దేవుడి పాట నేర్చిన పెట్టె, మాదే," అన్నాడు భజన జట్టు పెద్ద గున్నేశు.

"రంగం ఎక్కిన పెట్టె, మాదే," అన్నాడు బాగోతం వేషగాడు లింగబాబు.

"పెళ్లిళ్లు చేసిన పెట్టె, మాదే," అన్నాడు పెళ్లిమేళం కాటంరాజు.

పరదేశి రాలేదు కాబట్టి పెట్టె ఊరిదన్నారు. దసరా నాడు ఎవరి పాటకు బాగా పలికితే వాళ్లకిచ్చేద్దామన్నారు. గెలిచినవాళ్లు తమ మనిషిచేతే వాయించుకుంటారు. సూరమ్మ మళ్లీ కొలిమి తిత్తి దగ్గరికే. ఆమెనెవరూ అడగలేదు. ఆ పూట తిత్తి మటుకు గట్టిగా లాగింది. పారకి పెట్టిన ఇనుము కాస్తా కరిగి కారిందని మరిది లబోదిబోమన్నాడు.

దసరాకి ముందు ఆయుధపూజ. కత్తికీ కొడవలికీ బొట్టు పెట్టేవాళ్లు పెట్టెను వదులుతారా? గున్నేశు పెట్టె కన్నాల నిండా కుంకుమ పోశాడు. లింగబాబు కొబ్బరినీళ్లు చిలకరించాడు. కాటంరాజు చెంబెడు గంధం పులిమాడు. ఎవరి భక్తి వాళ్లది.

తెల్లారి దసరా పందిట్లో సూరమ్మ భజనకు లాగింది. బుస్. బాగోతానికి లాగింది. బుస్. పెళ్లిపాటకు లాగింది. బుస్సు కూడా రాలేదు.

"పెట్టె చచ్చింది. ఇది మీదే లింగబాబూ," అన్నాడు గున్నేశు.

"అబ్బే, కాటంరాజు గారిదే."

"మాకెందుకండీ! భజనలో పుట్టింది, మీదే."

మాదే, మాదే, మాదే అన్న నోళ్లే మీదే, మీదే, మీదే అన్నాయి. సూరమ్మ పెట్టెను భుజానికెత్తుకుని కొలిమికి నడిచింది.

మేకులు ఊడదీసి చూసింది. లోపల గాలికి ఆడి పలికే లోహపు నాలుకల మీద గున్నేశు కుంకుమ, లింగబాబు కొబ్బరినీళ్ల జిగురు, కాటంరాజు గంధం. వాటి కింద పసుపు బియ్యం. అవి ఎవరివి? సూరమ్మవే. పెట్టె నా దగ్గరే ఉండాలి తల్లీ అని ఆయుధపూజ పొద్దునే, అందరికన్నా ముందు, గుప్పెడు అక్షింతలు వేసి మొక్కుకుంది మరి.

"నేనూ తక్కువదాన్నేం కాదు," అని తనలో తనే నవ్వుకుంది.

కోడి ఈకతో నాలుకలన్నీ దులిపింది. సెగకు దూరంగా ఆరబెట్టింది. మేకులు బిగించి, ఏ మెట్టూ నొక్కకుండా ఒక్కసారి ఖాళీగా లాగింది. ఎర్రటి దుమ్ము ఎగిరింది. నొక్కింది. పలికింది.

పందిరంతా కొలిమి ముందు వాలింది. "మాదే!" అన్నాయి మూడు గొంతులు.

"చచ్చినప్పుడు ఎవరిదయ్యా?" అని అడిగింది సూరమ్మ.

మూడు గొంతులూ దగ్గాయి.

"పెట్టె నా దగ్గరే ఉంటుంది. ముగ్గురి పాటకీ నేనొస్తాను," అంది సూరమ్మ. "దీనికి మాత్రం బొట్లు వద్దు. అంత సరదాగా ఉంటే నాకు పెట్టండి."

వేళాకోళానికే అంది. జనం మాత్రం గుసగుసలాడారు. మొగుడు పోయిన మనిషికి బొట్టేమిటి?

గున్నేశు తల్లి కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. కొడుకు చేతిలోని కుంకుమ భరిణె లాక్కుంది. "చెక్కకి పెట్టారు, ఇనుముకి పెట్టారు. పిల్లకి పెడితే ఏం అరిగిపోతుందిరా?" అంటూ సూరమ్మ నుదుటిన ఇంత బొట్టు పెట్టింది.

ఆ రోజు సూరమ్మ మూడు పాటలూ వాయించింది. ఎవరిది బాగా పలికిందో ఎవరూ తేల్చలేదు. తర్వాత చాలా ఏళ్లు లాగింది, నొక్కింది. ఒకనాడు ఊపిరి లాగడం మరిచిపోయింది.

ఇప్పటికీ ఆ రేవులో మడతపెట్టె పట్టినవాళ్లు భజనైనా, బాగోతమైనా, పెళ్లైనా ముందు ఒకసారి ఖాళీగా లాగుతారు. "సూరమ్మ దులిపింది, ఇక కానివ్వండి," అంటారు జనం. ఆయుధపూజ నాడు పెట్టెకు కోడి ఈక కడతారు. బొట్టు వాయించే మనిషికి పెడతారు. ఆడో మగో చూడరు. మొగుడున్నాడా పోయాడా అని అసలే అడగరు.

కథ ఓడెక్కింది. ఊఁ కొట్టినవాళ్లు ఒడ్డునే ఉన్నారు.